ఫంక్షన్ల దగ్గర ఆగిపోయిన నీకు

చిరంజీవికి ఆశీస్సులు.

పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో లూపుల (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే భాగాల) వరకు సాఫీగా సాగిన అభ్యాసం ఫంక్షన్ల (ఒక పనికి పేరు పెట్టి, కావలసినప్పుడల్లా పిలిచి వాడుకునే కోడ్ ముక్కల) దగ్గరకు వచ్చేసరికి ఆగిపోయిందని రాశావు. నీవు పంపిన ప్రోగ్రామ్ శ్రద్ధగా చదివాను. చిక్కంతా ప్రింట్‌కూ రిటర్న్‌కూ ఉన్న తేడా దగ్గరే ఉంది.

64, 72, 80 మార్కులకు సరాసరి కట్టే ఫంక్షన్ చివర నీవు ప్రింట్ పెట్టావు. తెరపై 72.0 కనబడింది కనుక పని పూర్తయిందనుకున్నావు, కానీ ఆ ఫలితానికి మరో 5 మార్కులు కలపబోయేసరికి టైప్ ఎర్రర్ (పొసగని రకాల విలువలను కలిపితే వచ్చే లోపం) ఎదురైంది. ప్రింట్ విలువను మన కంటికి చూపుతుందే తప్ప, ఫంక్షన్‌ను పిలిచిన చోటికి అందించదు; ఆ పని చేసేది రిటర్న్. రిటర్న్ రాయని ఫంక్షన్ నుంచి పైథాన్‌కు దక్కేది 'ఏమీ లేదు' అని సూచించే None అనే విలువ మాత్రమే, దానికి 5 కలపడం కుదరదు. ప్రింట్ తీసేసి రిటర్న్ పెట్టు, కలపడమూ చూపడమూ ఫంక్షన్ బయట చెయ్యి, 77.0 వస్తుంది. అయితే రిటర్న్ తగిలిన క్షణమే ఫంక్షన్ ముగిసిపోతుందని మరువకు. పొరపాటున దానిని లూపు లోపలి ఇండెంట్‌లో (కుడివైపుకు జరిపి రాసే భాగంలో) ఉంచితే, మొదటి 64ను మాత్రమే మూడుతో భాగించి 21.33 చిల్లర చేతిలో పెడుతుంది.

ఫంక్షన్‌కు కావలసినవన్నీ పారామీటర్ల (ఫంక్షన్ పేరు పక్క బ్రాకెట్లలో రాసే పేర్ల) ద్వారానే అందించు. బయటి వేరియబుల్స్ మీద ఆధారపడిన ఫంక్షన్‌ను మరో ప్రోగ్రామ్‌లోకి సులువుగా తీసుకుపోలేవు. లోపల సృష్టించిన 'మొత్తం' అనే వేరియబుల్, బయట అదే పేరుతో ఉన్న వేరియబుల్ ఒకటి కావు, కానీ పంపిన లిస్టుకు లోపల ఏదైనా చేరిస్తే అది బయట కూడా కనిపిస్తుంది. ఇది చాలామందిని ఇబ్బంది పెడుతుంది కాబట్టి ఒకసారి స్వయంగా చేసి చూడు.

నా సలహా ఒక్కటే: ఫంక్షన్ లోపలి కోడ్ కన్నా ముందు, దానిని పిలిచే వరుసను రాయి. ఏమి ఇస్తున్నావో, ఏమి తిరిగి రావాలో అక్కడే తేలిపోతుంది, సరైన పేరు కూడా అప్పుడే తడుతుంది. ఆ తరువాత జవాబు ముందే తెలిసిన లెక్కలతో పరీక్షించు. కేంబ్రిడ్జిలో 1949లో పనిచేయడం మొదలుపెట్టిన ఎడ్సాక్ కంప్యూటర్ కోసం డేవిడ్ వీలర్, ఆయన సహచరులు సబ్‌రొటీన్లను (నేటి ఫంక్షన్ల వంటి కోడ్ ముక్కలను) కాగితపు టేపులపై భద్రపరచారు. ఒకరు రాసి సరిచూసినది మరొకరు నిశ్చింతగా వాడుకోవడమే దాని ప్రయోజనం. నీ ఫంక్షన్ కూడా అంత నమ్మకంగా ఉండాలని నా కోరిక.

ఖాళీ లిస్టు ఇస్తే నీ సరాసరి ఫంక్షన్ సున్నాతో భాగించబోయి ఆగిపోతుంది. అప్పుడు అది ఏమి తిరిగి ఇవ్వాలో నీవే ఆలోచించి, సవరించిన ప్రోగ్రామ్‌ను నాకు పంపు.

శుభాశీస్సులతో,
నీ పెదనాన్న