చెట్టు కింద వెలుగు చుక్కలు

అమ్మలూ,

ఏది చూసినా కొత్తగా అనిపించడం లేదని, చిన్నప్పటి ఆ ఆశ్చర్యం ఎటో పోయిందని రాశావు. అది ఎటూ పోలేదమ్మా. నువ్వు ఆగి చూడటం మానేశావు, అంతే. దాని కోసం సెలవు పెట్టి కొండలకో అడవులకో వెళ్లక్కర్లేదు. పిల్లలకి వింతలన్నీ గడప దగ్గరే దొరుకుతాయి.

ఎండ బాగా కాస్తున్నప్పుడు గుబురు చెట్టు కింద నేల చూడు. నీడ మధ్యలో అక్కడక్కడా వెలుగు చుక్కలు పడి ఉంటాయి. తలెత్తి ఆకుల సందులు చూస్తే ఒకటి చీలికలా, ఇంకొకటి మూడు మూలలుగా, ఎలా పడితే అలా ఉంటాయి. మరి నేల మీద చుక్కలు గుండ్రంగా ఎందుకున్నాయి? ఇక్కడ చదవడం ఆపి కాసేపు ఆలోచించు. ఫోన్ తీయకు. ప్రశ్న పుట్టగానే జవాబు వెతుక్కోవడం మనకి అలవాటైపోయింది. ఆ ప్రశ్నతో ఒక పూటైనా ఉండు. నేను చెప్పే వాటిలో గట్టిగా పాటించమనేది ఇదొక్కటే.

ఆలోచించావా? ఆ చుక్కల్లో ప్రతిదీ సూర్యుడి బొమ్మ. చిన్న సందులోంచి దూరి వచ్చిన వెలుగు నేలకి చేరేసరికి సందు ఆకారం పోయి, సూర్యుడి ఆకారం పడుతుంది. పొద్దు వాలేకొద్దీ చుక్కలు కోలగా సాగుతాయి. అప్పుడొక తెల్ల కాగితాన్ని సూర్యుడికి ఎదురుగా పట్టి చూడు, మళ్లీ గుండ్రంగా కనిపిస్తాయి. పాక్షిక సూర్యగ్రహణం రోజునైతే చెట్టు కిందంతా నెలవంకలే! ఆ రోజు పైకి మాత్రం చూడొద్దు, కళ్లు పాడవుతాయి. నేల వైపే చూడు.

కారణం తెలిస్తే వింత పోతుందంటారు కొందరు. నేను ఒప్పుకోను. 1921లో సి.వి. రామన్ ఓడలో వస్తూ మధ్యధరా సముద్రపు నీలం చూశారు. అది ఆకాశపు రంగు నీళ్లలో కనబడటమేనన్న మాటతో ఆయన సరిపెట్టుకోలేదు. అప్పటికి ఆయనకి 32 ఏళ్లు, పేరున్న ప్రొఫెసర్. ఆ ప్రశ్న వెంట పడి 1928లో రామన్ ఎఫెక్ట్ దాకా, అంటే పదార్థంలో చెదిరిన వెలుగులో కొంత రంగు మారుతుందని కనిపెట్టేదాకా వెళ్లారు.

గోడ మీద చీమల బారు కనిపిస్తే, దానికి అడ్డంగా వేలితో ఒకసారి రుద్ది చూడు. అక్కడికి రాగానే చీమలు తికమకపడి అటూ ఇటూ తడుముకుంటాయి. ముందు వెళ్లినవి వదిలిన వాసనే వాటికి దారి, నువ్వు దాన్ని తుడిచేశావు. బారు మళ్లీ కుదిరేదాకా అక్కడే ఉండు. మధ్యలో విసుగు పుడుతుంది, ఆఫీసు టెన్షన్లు గుర్తొస్తాయి. రానీ. లేవకు.

చంద్రుణ్ణి కూడా వరసగా కొన్నాళ్లు గమనించు. రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా ఉదయిస్తాడు, అందుకే పట్టపగలూ కనబడుతుంటాడు. పెద్దవాళ్లు చాలామంది అది గమనించరు, పిల్లలే వేలెత్తి చూపిస్తారు. పక్కన పిల్లలుంటే పాఠం మొదలుపెట్టకు. వాళ్ల పక్కనే నేల మీద కూర్చుని, ఏం చూస్తున్నారో అడుగు.

వచ్చే ఉత్తరంలో, ఎంత ఆలోచించినా నీకు జవాబు తట్టని ప్రశ్న ఒకటి రాయి. ఇక్కడ నేనూ చూస్తాను.

మీ పెద్దమ్మ