కాళ్లు కదిలితే బ్లాకింగేనా?

ఆటల సందేహాలు: నల్గొండ జిల్లాలో పీఈటీగా, బాస్కెట్‌బాల్ రెఫరీగా చేసి రిటైరైన మా కాలమిస్టు జవాబులు

ప్రశ్న: సార్, నేను దేవరకొండలో ఇంటర్ చదువుతున్నాను. మా టీంలో గార్డ్‌గా ఆడతాను. మొన్న ఒక మ్యాచ్‌లో అవతలి అమ్మాయి బాల్‌ను నేలకు కొడుతూ డ్రిబుల్ చేసుకుంటూ వస్తుంటే ఎదురెళ్లి నిలబడ్డాను. ఆమె ఎటు తిరిగితే అటు జరుగుతూ వెనక్కి వెళ్లాను. ఆమె భుజం వచ్చి సూటిగా నా ఛాతీకి తగిలింది, వెల్లకిలా పడ్డాను. రెఫరీ నడుము మీద రెండు చేతులు పెట్టి నాకే బ్లాకింగ్, అంటే అడ్డం వచ్చి దారి ఆపానని, ఫౌల్ ఇచ్చారు. ‘నీ కాళ్లు కదులుతున్నాయి’ అన్నారు. మా సార్ కూడా బొమ్మలా నిలబడమంటున్నారు. నిజంగానే కదలకూడదా?

జవాబు: కదలొచ్చు బిడ్డా. నువ్వు రాసినట్టే జరిగితే అది చార్జింగ్, అంటే బాల్ ఉన్న ప్లేయరే వచ్చి గుద్దుకోవడం. ఫౌల్ ఆ అమ్మాయిది, బాల్ మీకు రావాలి.

‘నిలబడితే చార్జింగ్, కదిలితే బ్లాకింగ్’ అనే మాట మన దగ్గర ఏ గ్రౌండ్‌కు పోయినా వినిపిస్తుంది. రూల్ అట్లా లేదు. మనం ఆడేది ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) రూల్స్ ప్రకారం. అందులో 33వ ఆర్టికల్ తీసి చూడు. బాల్ ఉన్న ప్లేయర్‌కు నువ్వు ముఖాముఖిగా ఉండాలి, నీ రెండు పాదాలూ నేల మీద ఆనాలి, అప్పటిదాకా ఆమెను తాకి ఉండకూడదు. ఈ మూడూ కుదిరిన క్షణంలోనే ఆ చోటు నీదైపోతుంది. క్షణం ముందు వచ్చి నిలబడ్డా చాలు. ‘ఆగడానికి టైం ఇవ్వలేదు’ అనే హక్కు బాల్ చేతిలో ఉన్నవాళ్లకు లేదు. ఎవరో ఒకరు అడ్డం వస్తారని వాళ్లే ఎదురుచూడాలి.

చోటు దక్కించుకున్నాక పక్కకు జరగొచ్చు, వెనక్కి పోవచ్చు, నిలువుగా పైకి ఎగరొచ్చు. పక్కకు జరుగుతుంటే ఒక కాలో, రెండు కాళ్లో ఓ క్షణం గాల్లో ఉంటాయి కదా, అది కూడా తప్పు కాదు. తప్పేదంటే ఆమె మీదికి ముందుకు జరగడం. అందుకే రెఫరీ చూడాల్సింది కాళ్లు కదిలాయా అని కాదు, ఎటు కదిలాయని. ఇక ఆమె వచ్చి నీ ఛాతీకో పొట్టకో తగిలిందంటే, ఆ చోటికి ముందు చేరింది నువ్వేనని రూలే ఒప్పుకుంటుంది. దెబ్బ గట్టిగా తగులుతుందనిపిస్తే ఉన్నచోటే ఒళ్లు తిప్పుకుని కాచుకోవచ్చు, దాంతో నీ హక్కు పోదు.

ఒకటి మాత్రం నిన్ను నువ్వు నిజాయితీగా అడుగు. ఆమె నిన్ను దాటిపోతున్నప్పుడు నీ మోకాలో, తుంటో, చెయ్యో పక్కకు పోయిందా? చెయ్యి చాపి దారి ఆపడమంటే ఆర్టీసీ బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు నాదనడమే. మనిషి అక్కడ ఉండాలి. ఛాతీ అడ్డం ఉంటే చార్జింగ్, తుంటి అడ్డం పెడితే బ్లాకింగ్. బాగా ఆడే గార్డ్‌లు కూడా ఎక్కువగా ఇక్కడే దొరికిపోతారు, ఎందుకంటే కాళ్లు అందనప్పుడు ఒళ్లు వాలుతుంది. ప్రాక్టీసులో చేతులు వెనక్కి కట్టుకుని, మోకాళ్లు వంచి, సైడ్‌లైన్ వెంట జరుగు. అవతల ఒకరు బాల్‌తో రావాలి. చేతుల సాయం లేకుండా ఛాతీని ఆమె ముందే ఉంచగలిగితే ఏ రెఫరీ ముందైనా ధైర్యంగా ఆడొచ్చు.

బొమ్మలా నిలబడమన్న మాట వినకు. డ్రిబుల్ వచ్చిన ఏ అమ్మాయైనా బొమ్మను పక్కనుంచి దాటేసి పోతుంది.

ఈసారి ఇట్లా జరిగితే రెఫరీతో వాదించకు. బాల్ డెడ్ అయి (ఆట ఆగి), గడియారం ఆగినప్పుడు మీ కెప్టెన్ వెళ్లి మర్యాదగా వివరణ అడగొచ్చు. ఆ హక్కు రూల్స్‌లోనే ఉంది.

ప్రశ్న: ఆమె లేఅప్‌కు (రింగు దగ్గరికొచ్చి ఎగిరి బాల్ వేయడానికి) గాల్లోకి లేచాక నేను ముందుకొచ్చి నిలబడితే? రెండు కాళ్లూ నేల మీదే ఉంటాయి కదా సార్. (అదే ఉత్తరంలో)

జవాబు: అస్సలు వద్దు తల్లీ. నేల వదిలిన మనిషి ఆగలేదు, తిరగలేదు. ఆమె లేచేసరికి ఖాళీగా ఉన్న దారిలోకి నువ్వు తర్వాత రాకూడదు, వస్తే ఫౌల్ నీది. నాకు ఫౌల్ లెక్క కంటే పిల్లల ఒళ్లు ముఖ్యం. మన పిల్లలు ఆడేది చాలాచోట్ల సిమెంటు నేల మీద. కింద నుంచి కాళ్లకు అడ్డం తగిలితే గాల్లో ఉన్న పిల్ల మణికట్టు మీదో, తల మీదో పడుతుంది. కోచ్‌లు కూడా ఈ అలవాటును మొదటి రోజే మాన్పించాలి.

ప్రశ్న: బాల్ లేని ఆటగాడికి కూడా క్షణంలో అడ్డం రావచ్చా? – ఒక పీఈటీ, మిర్యాలగూడ

జవాబు: రాకూడదు సార్. అక్కడ టైం, దూరం రెండూ లెక్కలోకొస్తాయి. అతని వేగాన్ని బట్టి ఆగడానికో, పక్కకు తప్పుకోవడానికో చోటివ్వాలి, ఎంత తక్కువన్నా ఒక మామూలు అడుగు.

ప్రశ్న: మా అబ్బాయి సరిగ్గా బాస్కెట్ కింద కదలకుండా నిలబడ్డాడు. అవతలివాడు ఎగిరి వచ్చి గుద్దుకున్నా చార్జింగ్ ఇవ్వలేదు. ఎందుకని? – ఒక తండ్రి, మహబూబ్‌నగర్

జవాబు: రింగు కింద ఒక అర్ధవృత్తం ఉంటుందండీ. డిఫెండర్ పాదం ఒక్కటైనా అందులోగానీ, దాని గీత మీదగానీ ఉంటే, బాల్‌తో గాల్లో ఉండి షాటో పాసో చేస్తున్న ఆటగాడి మీద చార్జింగ్ ఇవ్వరు. ఎగిరినవాడు మోచెయ్యో కాలో అక్రమంగా వాడితే అది వేరే సంగతి. రింగు కింద కాచుకుని కూర్చుని ఎగిరేవాళ్లను పడేయకుండా ఈ రూల్ పెట్టారు. మీవాడిని ఒక అడుగు ముందుకొచ్చి, గీత బయట నిలబడమనండి.

పాత కోర్టుల్లో ఈ గీత చెరిగిపోయి ఉంటుంది. మ్యాచ్ పెట్టేవాళ్లకు చెప్పి, రింగు నడిమధ్య నుంచి రాయి కట్టిన దారం వేలాడదీయించండి. అది నేలకు ఆనిన చోటు నుంచి 1.25 మీటర్లు కొలిచి సుద్దతో గీయించండి. ఆట మొదలయ్యే ముందే ఇద్దరు రెఫరీలకూ చూపించండి.