గుత్తులు కట్టేదాకా ఫ్లాస్కు కదపకు

చిరంజీవి సౌమ్యకు,

తార్నాక నుంచి పెద్దమ్మ ఆశీస్సులు. వచ్చే వారం బి కణాలకు, అంటే రక్తంలోని ఒక రకం తెల్లకణాలకు, అవి ఆగకుండా పెరిగేలా ఎప్‌స్టీన్-బార్ వైరస్ ఎక్కిస్తానన్నావు. ఫోనులో చెబితే సగం మరిచిపోతావు, అందుకే రాస్తున్నా.

నీ రక్తం మాత్రం వాడకు. దాతలు దొరకలేదని తమ చెయ్యే చాపే పిల్లల్ని చూశాను. చావు లేకుండా పెరిగే నీ కణాలే పొరపాటున సూది గుచ్చుకుని నీలోకి వెళ్తే, పరాయివని నీ ఒళ్ళు గుర్తుపట్టకపోవచ్చు. నీ ల్యాబ్‌లో ఎవరిదీ వద్దు.

ఎండలు ముదిరాయి కదా, ఉప్పల్ రోడ్డు ట్రాఫిక్‌లో రక్తం పాడవుతుందని ఐసులో పెట్టి పంపుతారు. పెట్టొద్దని చెప్పు. థర్మోకోల్ పెట్టెలో గది వేడిమి దగ్గర ఉంటే చాలు. చల్లబడితే తెల్లకణాలు శుభ్రంగా విడిరావు.

ఈ వైరస్‌ని వదిలే బి95-8 కణాల మీద తేరిన ద్రవాన్ని 0.45 మైక్రాన్ ఫిల్టర్లో వడగట్టాక, టి కణాల్ని (వైరస్ సోకిన కణాల్ని చంపే తెల్లకణాలు) అణచే సైక్లోస్పోరిన్ మందు కలపడం మరిచిపోకు. పెద్దవాళ్ళలో నూటికి 90 మందికి పైగా ఈ వైరస్ ఎప్పుడో సోకినవాళ్ళే. వాళ్ళ టి కణాలకు దాని మొహం తెలుసు, నీ బి కణాల్ని పెరగనివ్వకుండా చంపేస్తాయి.

తర్వాత ఓపిక. మొదటి విభజనకే సుమారు మూడు రోజులు పడుతుంది. వారం తిరిగేసరికి ద్రాక్షగుత్తుల్లా కనిపిస్తాయి. నేను కొత్తలో రోజూ పిపెట్‌తో చెదరగొట్టి లెక్కపెట్టేదాన్ని. రెండు ఫ్లాస్కులు అలాగే పోయాయి. ఈ కణాలకు గుంపుగా ఉంటేనే బతుకు. మీడియం, అంటే కణాలు పెరిగే ద్రవం, పసుపు తిరిగాక సగం మార్చు, అంతే.

ఇక నీ అసలు ప్రశ్న: 1.7 లక్షల అక్షరాల వైరస్, 300 కోట్ల అక్షరాల మన డీఎన్ఏని ఎలా ఆడిస్తుంది? సొంత ఇంజను తెచ్చుకోదు, మన స్విచ్చులే నొక్కుతుంది. ఎబ్నా-2 అనే దాని ప్రొటీన్‌కి డీఎన్ఏని నేరుగా పట్టుకునే చెయ్యి కూడా లేదు. మామూలుగా నాచ్ అనే కణ సంకేతం వాడుకునే మన ఆర్‌బీపీ-జే అనే ప్రొటీన్ భుజమ్మీద చెయ్యేసి లోపలికొస్తుంది. కణాన్ని పెరగమని తరిమే మిక్ జీన్‌ని లేపేది అదే. ఆ స్విచ్చులు జీన్ పక్కన ఉండవు. ఒకటి 4.28 లక్షల అక్షరాల ఎడంగా, ఇంకొకటి 5.25 లక్షల ఎడంగా ఉంటాయి. డీఎన్ఏ మడతపడి వాటిని జీన్ దగ్గరికి తెస్తుంది. మన అపార్ట్‌మెంట్‌లో మోటారు స్విచ్చి వాచ్‌మన్ గదిలో, నిండేది మేడమీద ట్యాంకు.

అందుకని, ప్రొటీన్ డీఎన్ఏ మీద ఎక్కడుందో చూపే చిప్-సీక్ పరీక్షలో ఎబ్నా-2 ఎక్కడ కూర్చుందో చూసి పక్కనున్న జీన్‌కి అంటగట్టకు. కుర్రాళ్ళందరూ చేసే తప్పు ఇదే, కంప్యూటర్ కూడా దాన్నే ముందుకు తోస్తుంది. మడతల డేటా చూశాకే పేరు రాయి.

ఈ వైరస్‌దే ఇంకో ప్రొటీన్ ఎల్ఎంపీ-1 సంగతి నాకు మరీ ఇష్టం. బి కణం పెరగాలంటే టి కణం వచ్చి సీడీ40 అనే కాలింగ్ బెల్ నొక్కాలి. ఎల్ఎంపీ-1 అంటే బటన్ ఇరుక్కుపోయిన బెల్లు, ఎవరూ రాకపోయినా మోగుతూనే ఉంటుంది. వైరస్ ప్రొటీన్లయిన ఎబ్నా-3 కుటుంబంలో ఇద్దరు, కణ విభజనని ఆపే పీ16 అనే బ్రేకుని పనిచేయనివ్వరు.

ఒక మాట. దాత కణాల్లో కొన్నిటిని వైరస్ ఎక్కించకుండా విడిగా దాచు. లేకపోతే నీకు కనిపించే తేడా దాతదో వైరస్‌దో తేలదు. బర్కిట్ లింఫోమా (బి కణాల క్యాన్సర్) కణాల్ని వీటి బదులు వాడమని ఎవరైనా అంటే ఒప్పుకోకు. 1964లో ఈ వైరస్ బయటపడింది ఆ కణాల్లోనే, నిజమే. కానీ చాలావాటిలో ఎబ్నా-2 తయారవదు, క్రోమోజోమ్‌లు విరిగి అతుక్కోవడం వల్ల మిక్ లేస్తుంది. దారి వేరు.

ఎనిమిదో రోజు గుత్తుల ఫొటో పంపు. కరెంటు పోయినప్పుడు ఇన్‌క్యుబేటర్ జనరేటర్ మీదికి మారుతోందో లేదో ముందే చూసుకో. ఆదివారం గోంగూర చేస్తున్నా, రా.

నీ పెద్దమ్మ