మస్టాంగ్ పలాస తెచ్చేసుకుని, పేరు తర్వాత మార్చుకోవచ్చా?

ప్రశ్న: లాయరు గారూ, నమస్తే. మాది పలాస, జీడిపప్పు వ్యాపారం. బెంగళూరులో సెకండ్ హ్యాండ్ కార్ల డీలరు దగ్గర 2017 మోడల్ ఫోర్డ్ మస్టాంగ్ జీటీ చూశాను. 47 లక్షలు చెబుతున్నాడు. ఆర్సీ ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పేరు మీద ఉంది. అందులో బ్యాంకు హైపోథికేషన్ (లోన్ కోసం బండి మీద బ్యాంకుకి ఉన్న హక్కు) కూడా కనిపిస్తోంది. లోన్ తీరిపోయింది, ఎన్‌ఓసీ వారంలో వస్తుంది అంటున్నాడు. సైలెన్సర్ మార్చారు, ఇంజన్ ట్యూనింగ్ చేయించారు. ఇన్సూరెన్స్ ఇంకా నాలుగు నెలలుంది. "ఐదు లక్షలు క్యాష్, మిగతాది అకౌంట్లో వేసి బండి తీసుకుపోండి. కర్ణాటక నంబరు మీద ఏడాది తిరగొచ్చు, తర్వాత నిదానంగా మార్చుకోండి" అంటున్నాడు. ఇప్పటికే యూపీఐలో లక్ష రూపాయలు టోకెన్ ఇచ్చేశాను. బండి మా ఫ్యాక్టరీ పేరున కొనడం మంచిదా? తెచ్చాక ఇంజన్ పోతే ఎవరిని అడగాలి? నాన్నగారు అసలే వద్దంటున్నారు. (పేరు వేయవద్దు, పలాస)

జవాబు: కొనాలా వద్దా అన్నది మీరూ మీ నాన్నగారూ తేల్చుకోవలసిన సంగతి, అందులో నేను తలదూర్చను. ఐదు లీటర్ల వీ8 ఇంజన్ మీద మనసు పడ్డవాళ్ళకి మైలేజీ లెక్కలు చెప్పి లాభం లేదని నాకు తెలుసు. కానీ డీలరు చెప్పిన పద్ధతిలో మాత్రం కొనకండి. బండి ముందు, పేరు తర్వాత అన్న ఆ ఒక్క షరతే ఈ బేరంలో అసలు ప్రమాదం. మిగతావన్నీ సర్దుకోగలిగేవి.

"ఏడాది తిరగొచ్చు" అన్న మాట సంగతి ముందు చూద్దాం. ఇచ్ఛాపురం దాటితే ఒడిశా కావడంతో పక్క రాష్ట్రం నంబరు బళ్ళు మన జిల్లాలో మామూలు. అందుకే ఈ నమ్మకం ఇక్కడ బాగా నాటుకుపోయింది. మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్‌లో 12 నెలల గడువు ఉన్న మాట నిజమే. అయితే అది తన సొంత బండిని ఇంకో రాష్ట్రానికి తెచ్చుకుని ఉంచుకునే యజమాని కోసం. బెంగళూరులో ఉద్యోగం మానేసి కారుతో సహా సోంపేట వచ్చేసిన వాళ్ళకి పనికొస్తుంది. బండి చేతులు మారితే చూడవలసింది 50వ సెక్షన్. దాని ప్రకారం వేరే రాష్ట్రంలో రిజిస్టరైన బండి అయితే అమ్మినవారు 45 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో రవాణా శాఖకి తెలియజేసి కాగితాలు ఇవ్వాలి. అంటే మీ చేతిలో ఉన్నది ఏడాది కాదు, నెల రోజులు.

ఆర్సీలో పేరు ఎవరిదో వాళ్ళే యజమాని అన్న సూత్రాన్ని సుప్రీంకోర్టు 2018లో నవీన్ కుమార్ కేసులో గట్టిగా చెప్పింది. బండి ఒకరి నుంచి ఒకరికి నాలుగు చేతులు మారింది, ఆర్సీలో మాత్రం మొదటి ఆయన పేరే ఉండిపోయింది. ప్రమాదం జరిగితే నష్టపరిహారం బాధ్యత ఆయన మీదే పడింది. అది అమ్మేవాళ్ళకి భయం కదా, నాకేమిటి అనుకోవచ్చు. మీకు తగిలే దెబ్బ వేరే వైపు నుంచి వస్తుంది. టెక్కలి దాటాక హైవే మీద గేదె అడ్డొచ్చి కారు ముందు భాగం నుజ్జయిందనుకోండి. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ బండితో పాటే కొత్త యజమానికి బదిలీ అయినట్టు 157వ సెక్షన్ లెక్కవేస్తుంది. కానీ మీ సొంత బండికి జరిగిన నష్టానికి ఆ వెసులుబాటు లేదు. కంప్లీట్ ఇన్సులేషన్స్ కేసులో సుప్రీంకోర్టు 1996లోనే ఈ తేడా చెప్పింది. పాలసీ మీ పేరుకి మారకపోతే ఇన్సూరెన్స్ కంపెనీ మిమ్మల్ని "మీరెవరు?" అంటుంది. పాలసీదారు క్లెయిమ్ వేస్తే "మీరు బండి అమ్మేశారుగా, మీకేం నష్టం?" అంటుంది. రెండు ప్రశ్నలూ చట్టప్రకారం సరైనవే. బంపరు, రేడియేటరు, లైట్ల ఖర్చు మొత్తం మీ జేబులోంచే. పాలసీ మార్పుకి కొన్న 14 రోజుల్లో దరఖాస్తు చేయాలి. పాత యజమాని నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ వేయనందుకు ఇచ్చే ప్రీమియం తగ్గింపు) మీకు రాదు, ఆ తేడా ప్రీమియం కట్టాలి. ఈ స్థాయి బండికి అది చిన్న మొత్తం కాదు, బేరం ఆడేటప్పుడే లెక్కలో వేసుకోండి.

ఇక ఎన్‌ఓసీ. డీలర్లు ఈ మాటని చాలా తెలివిగా వాడతారు. మీకు కావలసిన ఎన్‌ఓసీలు రెండు. ఒకటి బ్యాంకుది, లోన్ తీరిందని. దానితో పాటు బ్యాంకు సంతకంతో ఫారం 35 ఇస్తే ఆర్సీలో హైపోథికేషన్ తీసేస్తారు. రెండోది కర్ణాటక ఆర్టీఓ ఇచ్చేది, ఫారం 28 మీద. బండి వేరే రాష్ట్రానికి వెళ్ళడానికి అభ్యంతరం లేదని, పన్నులు, కేసులు పెండింగు లేవని. మొదటిది రాకుండా పేరు మార్పు జరగదు, ఎందుకంటే 51వ సెక్షన్ ప్రకారం ఫైనాన్సరు రాతపూర్వక సమ్మతి కావాలి. "వారంలో వస్తుంది" అన్నది ఈ రెండింట్లో ఏదో అడగండి. లోన్ నిజంగా తీరిపోయి ఉంటే బ్యాంకు క్లోజర్ లెటర్ ఈపాటికే వాళ్ళ దగ్గర ఉండాలి. అది చూపించలేదంటే, మీ 47 లక్షల్లోంచే ఆ లోన్ తీర్చబోతున్నారని నా అనుమానం. అలా చేయడం తప్పేమీ కాదు. అప్పుడు ఆ మేరకు డబ్బు డీలరుకి కాకుండా నేరుగా ఆ లోన్ అకౌంట్‌కే కట్టండి.

యజమాని కంపెనీ కావడంతో ఇంకో పని పడుతుంది. దీన్ని చాలామంది చూడరు. కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో ఆ కంపెనీ పేరు కొడితే నడుస్తోందా మూతపడిందా, ఆస్తుల మీద ఎవరెవరికి ఛార్జ్ (అప్పు తాలూకు హక్కు) ఉంది అన్నది కనిపిస్తుంది. ఆర్సీలో లేని అప్పు అక్కడ బయటపడవచ్చు. కంపెనీ దివాలా ప్రక్రియలో ఉంటే మాత్రం ఆ బండి జోలికి పోకండి. అప్పుడు ఆస్తులు అమ్మే అధికారం డైరెక్టర్లకి ఉండదు. అంతా బాగుంటే బోర్డు తీర్మానం కాపీ తీసుకోండి, అందులో అధికారం ఇచ్చిన వ్యక్తే పేరు మార్పుకి ఇచ్చే ఫారం 29, 30ల మీద సంతకం పెట్టాలి.

డీలరు సంగతి కూడా చూడాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి పాత బళ్ళ డీలర్లు రవాణా శాఖ నుంచి అధికార పత్రం తీసుకోవాలి. యజమాని బండిని డీలరుకి అప్పగించినప్పుడు ఫారం 29సీ ద్వారా ఆన్‌లైన్‌లో తెలియజేయాలి. అది జరిగిన రోజు నుంచి డీలరే యజమాని కింద లెక్క, బాధ్యతలు కూడా ఆయనవే. ఈ రెండు కాగితాలు అడగండి. లేవంటే ఆయన కేవలం మధ్యవర్తి, రేపు "నేను కమిషన్ ఏజెంటుని మాత్రమే" అనడానికి దారి ఉంచుకున్నట్టే. అప్పుడు అగ్రిమెంటు మీద కంపెనీ సంతకం కూడా ఉండి తీరాలి.

సైలెన్సర్, ట్యూనింగ్ గురించి మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. వయసులో ఉన్నవాళ్ళకి అదే ఆకర్షణ అనుకుంటాను. తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి భిన్నంగా మార్పులు చేయకూడదని 52వ సెక్షన్ చెబుతోంది. సుప్రీంకోర్టు కూడా 2019 జనవరిలో అదే మాట చెప్పింది. అదే చట్టం 182ఏ సెక్షన్ ప్రకారం ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. శబ్దం పరిమితి దాటితే 190వ సెక్షన్ కింద మొదటిసారే 10,000 దాకా జరిమానా, మూడు నెలలు లైసెన్స్ పోయే అవకాశం కూడా ఉంది. కాశీబుగ్గ బస్టాండు దగ్గర మస్టాంగ్ చప్పుడు చేస్తే ట్రాఫిక్ కానిస్టేబుల్‌కి వేరే ఆధారం అక్కరలేదు. జరిమానా కంటే పెద్ద చిక్కు ఇన్సూరెన్స్. చెప్పకుండా దాచిన మార్పులు క్లెయిమ్ తిరస్కరించడానికి వాళ్ళకి తేలికైన సాకు. పాత సైలెన్సర్ ఉందా అని అడిగి, తిరిగి అదే బిగించి ఇంజన్ కంట్రోల్ సాఫ్ట్‌వేర్‌ని కూడా ఒరిజినల్‌కి మార్చి ఇవ్వాలని షరతు పెట్టండి.

2022 సెప్టెంబరులో బెంగళూరు వరదల్లో ఖరీదైన కార్లు ఎన్నో మునిగాయి. తిత్లీ తుపాను చూసిన మీకు నీళ్ళలో నానిన యంత్రం ఏమవుతుందో నేను చెప్పనక్కరలేదు. సర్వీసు చరిత్ర, పాత ఇన్సూరెన్స్ క్లెయిమ్‌ల వివరాలు రాతపూర్వకంగా తీసుకోండి. డీలరుతో సంబంధం లేని మెకానిక్‌తో తనిఖీ చేయించి రిపోర్టు దాచండి. దీనికి చట్టపరమైన కారణం ఉంది. కాంట్రాక్టు చట్టం 19వ సెక్షన్‌లో ఒక మెలిక ఉంది. అవతలివాళ్ళు నిజం చెప్పకుండా ఊరుకున్నా, మామూలు జాగ్రత్తతో మీరు కనిపెట్టగలిగే లోపమైతే దాన్ని చూపించి ఒప్పందం రద్దు చేసుకోలేరు. బండిని తనిఖీ చేయించారన్న రుజువు మీ దగ్గర ఉండాలి.

మస్టాంగ్‌ని ఫోర్డే 2016 నుంచి అధికారికంగా దిగుమతి చేసి అమ్మింది కాబట్టి కస్టమ్స్ టెన్షన్ మీకు తక్కువ. ఎవరో సొంతంగా విదేశం నుంచి తెచ్చిన కారైతే నా సలహా ఇంకా కటువుగా ఉండేది. డ్యూటీ ఎగ్గొట్టిన కారుని మూడో చేతిలో ఉన్నా స్వాధీనం చేసుకోవచ్చు. భూటాన్ మీదుగా అక్రమంగా వచ్చాయన్న ఆరోపణపై 2025 సెప్టెంబరులో కేరళలో కస్టమ్స్ వాళ్ళు ఎన్నో కార్లు పట్టుకున్నారు.

క్యాష్ ఇవ్వకండి. ఒక లావాదేవీలో రెండు లక్షలు, ఆపైన నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం నిషిద్ధం, జరిమానా తీసుకున్నవాళ్ళ మీద, తీసుకున్నంత మొత్తం. మీ మీద కాదు కదా అని ఊరుకోవద్దు. రేపు గొడవైతే బిల్లులో 42 లక్షలే ఉంటాయి, ఆ ఐదు లక్షలు ఇచ్చినట్టు కోర్టులో చూపించలేరు.

కొన్నాక మన రాష్ట్రంలో లైఫ్ ట్యాక్స్ కట్టాలి. అది మీరు ఇచ్చిన 47 లక్షల మీద కాదు, బండి కొత్తప్పటి ధర, వయసు మీద లెక్క. ఈ కారు 2016లో 65 లక్షలకి మార్కెట్లోకి వచ్చింది. అంకె పెద్దగానే ఉంటుంది, ముందే రవాణా శాఖ కార్యాలయంలో కనుక్కోండి. కర్ణాటకలో కట్టిన పన్నులో వాపసు వస్తే అది ఎవరికో అగ్రిమెంటులో రాయించండి. ఇక్కడి పన్ను తప్పించుకోవడానికి పుదుచ్చేరిలో ఎవరిదో అడ్రస్ పెట్టి రిజిస్టర్ చేయిద్దామని సలహాలిచ్చేవాళ్ళు తప్పక తగులుతారు. 2017లో కేరళలో అలా చేసినవాళ్ళ మీద పోలీసు కేసులు పెట్టారు.

ఫ్యాక్టరీ పేరున కొనడం నాకు నచ్చలేదు. తరుగుదల చూపించుకోవచ్చని మీ ఆడిటర్ చెప్పి ఉంటారు. కార్ల మీద జీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్ ఎలాగూ రాదు. వ్యాపార సంస్థ పేరున కొంటే "వాణిజ్య అవసరానికి కొన్నారు, మీరు వినియోగదారుడే కాదు" అన్న వాదన అవతలి లాయరు మొదటి వాయిదాలోనే ఎత్తుతారు. మీ పేరున కొంటే ఇంజన్ పోయినప్పుడు మీరు అడిగిన ప్రశ్నకి జవాబు తేలిక. డీలరు మీద వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళవచ్చు, బెంగళూరు దాకా తిరగనక్కరలేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదు చేసేవారు నివసించే జిల్లాలోనే వేయవచ్చు. చెల్లించిన ధర 50 లక్షల లోపే కాబట్టి శ్రీకాకుళం జిల్లా కమిషన్ చాలు. గడువు రెండేళ్ళు. "ఉన్నది ఉన్నట్టుగా" అని రాసి సంతకం పెట్టించుకున్నా, తెలిసి దాచిన లోపానికి ఆ వాక్యం డీలరుని కాపాడదు. అయితే తొమ్మిదేళ్ళ దగ్గరికొస్తున్న స్పోర్ట్స్ కారు గేర్‌బాక్స్ వాడకంలో అరిగిపోతే ఏ కమిషనూ పరిహారం ఇవ్వదు. కిలోమీటర్ల రీడింగు తిప్పడం, మునిగిన బండని చెప్పకపోవడం, ఇలాంటివి రుజువైతేనే మీకు బలం. మోసం స్పష్టంగా ఉంటే భారతీయ న్యాయ సంహిత 318 కింద పోలీసు ఫిర్యాదు కూడా ఉంటుంది. మన స్టేషన్లలో "ఇది సివిల్ మ్యాటర్" అని పంపించేయడం మామూలే, దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

మీ లక్ష రూపాయల విషయం. ఆ టోకెన్ ఏ షరతుల మీద ఇచ్చారో రాతలో లేదు, అది ఇప్పుడు మీకే మంచిది. ఈ రోజే డీలరుకి మెయిల్ పెట్టండి, అదే కాగితం స్పీడ్ పోస్టులో కూడా పంపండి. ఫలానా తేదీన ఫలానా యూపీఐ ద్వారా ఇచ్చిన లక్ష రూపాయలు అడ్వాన్సు అని, బ్యాంకు క్లోజర్ లెటర్, సంతకాలతో ఫారం 35, కర్ణాటక ఆర్టీఓ ఎన్‌ఓసీ, బోర్డు తీర్మానం, సంతకాలు చేసిన 29, 30 ఫారాలు 30 రోజుల్లో ఇస్తే, అవి అందుకున్న రోజే మిగతా డబ్బు బ్యాంకు ద్వారా కట్టి బండి తీసుకుంటానని, ఇవ్వలేకపోతే లక్ష వాపసు ఇవ్వాలని రాయండి. బ్యాంకు అప్పు తేలని బండికి స్పష్టమైన హక్కు ఇవ్వలేక బేరం చెడితే, తప్పు వాళ్ళ వైపు ఉంటుంది కనుక అడ్వాన్సు మింగేయడానికి వీల్లేదు. కాగితాలన్నీ చేతికొచ్చాక మీరు మనసు మార్చుకుంటే మాత్రం ఆ లక్ష కోసం పేచీ తప్పదు. కాబట్టి నాన్నగారితో మాట్లాడటం మెయిల్ పంపక ముందే పూర్తి చేసుకోండి.