గడిలో దయ్యానికి జాతకం ఎందుకు?

బిడ్డా,

నీ నవల అందింది. మొన్న రాత్రి కరెంటు పోతే ఇన్వర్టర్ వెలుతురులో సగం, తెల్లారి చాయ్ తాగుతూ మిగతా సగం చదివాను. దొరలు ఉండి పాడుబడ్డ గడి, అర్ధరాత్రి జొన్నలు విసిరే చప్పుడు, వెళ్లి చూస్తే ఇసుర్రాయి దగ్గర ఎవరూ లేరు. ఆ పేజీ దగ్గర నిజంగానే లేచి తలుపు గడియ చూసుకున్నాను.

ఆ తర్వాత పద్నాలుగు పేజీలు దయ్యం పుట్టుక రాశావు. ఏ ఊరు, ఏ మంత్రం, ఏ అమావాస్య, అన్నీ. అక్కడ నా భయం దిగిపోయింది. నిద్ర కూడా వచ్చింది, ఏమీ అనుకోకు.

నీకు 'ట్విన్ పీక్స్' సీరియల్ పిచ్చి అన్నావు కదా, దాంతోనే చెప్తాను. 1990లో మొదలైన ఆ కథ లారా అనే అమ్మాయి హత్య చుట్టూ తిరుగుతుంది. అందులో బాబ్ అనే దయ్యంలాంటివాడు ఎక్కణ్ణుంచి వచ్చాడని జనం ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. అడవిలోని చీకటి శక్తి అని కొందరు, లారా తండ్రి లీలాండ్‌ను చిన్నప్పుడే పాడుచేసిన మనిషికి అతని మనసు పెట్టుకున్న పేరని కొందరు. 2017లో సీరియల్ మళ్లీ వచ్చినప్పుడు ఎనిమిదో భాగంలో, 1945 జూలై 16 నాటి న్యూ మెక్సికో అణుబాంబు పరీక్ష చూపించి, ఆ వెంటనే ఒక ఆకారం కక్కినదాంట్లో బాబ్ ముఖం చూపించారు. దాంతో తేలిందా? బాంబు వాణ్ణి పుట్టించిందా, ఉన్నవాడికి తలుపు తీసిందా అని కొత్త పంచాయితీ మొదలైంది.

అసలు వాడు పుట్టిన తీరు చూడు. ఫ్రాంక్ సిల్వా సెట్‌లో సామాన్లు సర్దే మనిషి. లారా గదిలో అతను ఫర్నిచర్ జరుపుతుంటే దర్శకుడు డేవిడ్ లించ్‌కు ఏదో తట్టి, మంచం కాళ్ల వైపు నక్కి కూర్చోమని ఒక షాట్ తీశాడు. ఎందుకో తనకే తెలియదు. తర్వాత లారా తల్లి ఉలిక్కిపడి అరిచే సీన్‌లో సిల్వా ముఖం అద్దంలో పడింది. షాట్ పాడైందన్నారు. లించ్ మాత్రం అదే కావాలన్నాడు. మంచం కడ్డీల వెనక నుంచి కదలకుండా చూసే ఒక మనిషి, అంతే. ఇన్నేళ్ల వాదన అక్కణ్ణుంచే పుట్టింది.

అయితే ఆ వాదనల అడుగున ఒక ముల్లుంది. కూతుర్ని చంపింది లీలాండా, లేక వాడిలో దూరిన ఆ బాబ్ అనేవాడా? (నువ్వు చూసేశావు కాబట్టి చెప్పొచ్చు.) బాబ్ నిజమైతే తండ్రి నేరం నుంచి తప్పించుకుంటాడు. నీ పద్నాలుగు పేజీలతో నా గొడవ కూడా ఇదే. దయ్యాన్ని పుట్టించింది బాణామతి చేసే ముసలమ్మ అని రాశావు.

చిన్నప్పుడు నర్సంపేట వైపు మా అమ్మమ్మ ఊళ్లో ఒకరి బర్రె పాలివ్వడం మానేసింది. నెపం ఒంటరిగా బతికే ఒక ముసలమ్మ మీద పడింది. ఆమె వాకిట్లో ఎండబోసిన మిరపకాయలు తొక్కుకుంటూ మగవాళ్లు లోపలికి పోయారు. ఆ ఘాటుకు వాళ్లూ దగ్గారు, ఆమె కూడా దగ్గింది. తెల్లారేసరికి ఆ ఇంటికి తాళం. బర్రెకు పొదుగువాపు అని తర్వాత పశువుల డాక్టర్ చెప్పాడు. మిరపకాయలు చాలా రోజులు అట్లాగే పడున్నాయి, ఎవరూ ఎత్తలేదు.

నీ నవల్లో గడి ఉంది, దొర ఉన్నాడు, వెట్టి ఉంది. ఇన్ని పెట్టుకుని నేరం తీసుకెళ్లి ముసలమ్మ నెత్తిన వేస్తావా? 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్యను కాల్చింది దయ్యాలు కాదు, దేశ్‌ముఖ్ మనుషులు.

ఆ పేజీలు తీసెయ్. చించకు, సొరుగులో పెట్టుకో. దయ్యం ఏం చేయగలదో, ఏం చేయలేదో నీకు తెలియాలి, లేకపోతే ఇరవయ్యో అధ్యాయంలో దానికి రెక్కలు మొలుస్తాయి. పాఠకుడికి మాత్రం ఆనవాళ్లు చాలు. ఇసుర్రాయి పిడి ఒకవైపే అరిగింది అనుకో. విసిరినామె ఎడమచేతి వాటం అంటాడు ఒకడు, కుడిచేతికి ఏదో అయ్యింది అంటాడు ఇంకొకడు. కొట్టుకోనీ. ఏ దారిలో పోయినా దొర మాత్రం తప్పించుకోకుండా చూసుకో.

ఇసుర్రాయి పేజీలో ఒక్క అనుమానం. రాత్రంతా విసిరితే తెల్లారి పిండి ఉండాలి కదా. ఆ పిండి ఏమవుతోంది? నువ్వు రాయలేదు, నేనేమో రెండు రోజులుగా అదే ఆలోచిస్తున్నాను. చెప్పకు. రాసి పంపు.

హన్మకొండ నుంచి
నీ పెద్దమ్మ