అల్లుడూ, ముందు ఏ మెషిన్ ఏం పని చేస్తోందో చూడు

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో నువ్వు అడిగినదానికి రెండు ముక్కల్లో చెప్పి పెట్టెయ్యడం ఇష్టంలేక ఈ ఉత్తరం రాస్తున్నాను. షాపు నిండా జనం ఉండగా, భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని శుభలేఖ ప్రూఫ్ దిద్దుతూ విన్న మాట ఎంతవరకు బుర్రకెక్కుతుందో నాకు తెలియంది కాదు. గవర్నర్‌పేటలో అన్నేళ్లు నేను వెలగబెట్టిందీ అదే పని.

"విండోస్ 11కి మారిపొమ్మంటావా మావయ్యా, వద్దంటావా" అని ఒక్క ప్రశ్న అడిగావు. నీ దగ్గరున్నవి మూడు మెషిన్లు. కౌంటర్ మీదది, లోపలి గదిలో శుభలేఖలు టైపు చేసే పాత 'అను' తెలుగు ఫాంట్లున్నది, ఇంట్లో మీ అమ్మ వాడే లాప్‌టాప్. మూడింటికీ ఒకే జవాబు చెప్పేవాణ్ణి నమ్మకు. కంప్యూటర్లు అమ్మే కుర్రాడు మూడూ తీసేసి కొత్తవి కొనమన్నాడంటే అది అతని ఉద్యోగం, మనం తప్పు పట్టక్కర్లేదు. కానీ డబ్బు నీది కదా.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబరు 14తో అయిపోయింది. మర్నాడు మెషిన్లేమీ ఆగిపోలేదు, నీవీ ఆగలేదు. అందుకే "ఏం కాలేదుగా" అనిపిస్తోంది నీకు. విండోస్‌లో కొత్తగా బయటపడే భద్రత కన్నాలకు మామూలుగా ఇక అతుకులు రావు, జరిగింది అంతే. అతుకు లేని కన్నం ఏం చేస్తుందో 2017 మేలో వానాక్రై వైరస్ వచ్చినప్పుడు చూశాం. దానికి విరుగుడు మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది. వేసుకోనివాళ్లలో చాలామంది ఫైళ్లకి తాళాలు పడిపోయాయి. మన రాష్ట్ర పోలీసు కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయని అప్పట్లో పేపర్లలో వచ్చింది. యాంటీవైరస్ ఉందిగా అంటావేమో. విండోస్ 10తోనే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌కి 2028 అక్టోబరు దాకా అప్‌డేట్లు ఇస్తామన్నారు, నిజమే. అది దొంగని గుర్తుపడుతుందేమో గానీ విరిగిన గడియని బాగుచెయ్యదు.

కౌంటర్ మెషిన్ సంగతి ముందు చెబుతాను, తొందర పడాల్సింది దానికే. బ్యాంకు, జీఎస్టీ, వాట్సాప్ వెబ్, కస్టమర్ల మెయిళ్లు, ముక్కూమొహం తెలియనివాళ్ల పెన్‌డ్రైవ్‌లు, అన్నీ దానిమీదే. దాన్ని మార్చాల్సిందే. అందులో ఉన్న ఆఫీస్ 2016కీ అదే రోజు సపోర్ట్ పోయింది, గుర్తుపెట్టుకో.

"ఈ పీసీ పనికిరాదు అని చూపిస్తోంది" అన్నావు. అలా ఎందుకు చూపిస్తోందో కింద రాసి ఉంటుంది, అది చదివావా? పీసీ హెల్త్ చెక్ అని మైక్రోసాఫ్ట్‌దే ఒక ఉచిత ప్రోగ్రాం ఉంది. అది వేసి చూస్తే ఏ అంశంలో ఫెయిలయిందో విడివిడిగా చెబుతుంది. నువ్వు పంపిన ఫొటోలో ప్రాసెసర్ ఐ5-8400 అని ఉంది. ఇలాంటి డెస్క్‌టాప్ ఇంటెల్ ప్రాసెసర్లలో గీత తర్వాత నాలుగంకెలుంటే మొదటిది తరం, ఐదంకెలుంటే మొదటి రెండూ తరం. ఇంటెల్ అయితే మామూలుగా ఎనిమిదో తరం నుంచి 11కి పనికొస్తాయి, కాబట్టి నీది గట్టెక్కినట్టే. పక్క షాపాయన తనది ఏఎండీ వాళ్ల రైజెన్ ప్రాసెసర్ అన్నాడన్నావు. ఆయన్ని మాత్రం మైక్రోసాఫ్ట్ పట్టికలో మోడల్ నంబరు వెతుక్కోమను. 2200జీ లాంటివి పేరుకి 2000 సీరీస్ అయినా అందులో లేవు.

మరి నీది ఎందుకు ఫెయిలయింది? నా అంచనా టీపీఎం. అదొక భద్రత చిప్, 11కి దాని 2.0 వెర్షన్ తప్పనిసరి. నీ తరం ప్రాసెసర్లలో అది లోపలే ఉంటుంది. అసెంబుల్డ్ మెషిన్లలో చాలావాటికి బయోస్‌లో, అంటే విండోస్ మొదలవ్వకముందే వచ్చే సెటప్‌లో, ఆపేసి ఉంటుంది, అంతే. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కితే వచ్చే రన్‌లో టీపీఎం చుక్క ఎంఎస్‌సీ (tpm.msc) కొట్టి చూడు. దొరకలేదని వస్తే మెషిన్ రీస్టార్ట్ చేసి, డిలీట్ కీ నొక్కుతూ బయోస్‌లోకి వెళ్లి, ఇంటెల్ పీటీటీ అన్నది (ఇంటెల్ టీపీఎంకి పెట్టిన పేరు) ఎక్కడుందో వెతికి ఎనేబుల్ చెయ్యి. మెషిన్ మొదలయ్యేటప్పుడు దొంగ ప్రోగ్రాముల్ని ఆపే సెక్యూర్ బూట్ కూడా అక్కడే ఎక్కడో ఉంటుంది, అదీ ఎనేబుల్ చెయ్యి. ఈ రెండు మీటలు వేస్తే అయ్యేదానికి ముప్పై నలభై వేలు పోసి కొత్తది కొనబోయావు.

ఒక్క మెలిక ఉంది. సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిచి బయోస్ మోడ్ అన్నచోట చూడు. యూఈఎఫ్ఐ, అంటే కొత్త పద్ధతి, అని ఉంటే దిగుల్లేదు. లెగసీ, అంటే పాత పద్ధతి, అని ఉంటే ముందు డిస్కుని జీపీటీ అనే కొత్త అమరికలోకి మార్చాలి. దానికి విండోస్‌లోనే సాధనం ఉంది, డేటా పోకుండానే చేస్తుంది. అయినా బ్యాకప్ లేకుండా ఎవర్నీ దానిమీద చెయ్యి వెయ్యనివ్వకు, వాడెంత తెలిసినవాడైనా సరే.

బ్యాకప్ అంటే డెస్క్‌టాప్ మీద ఫోల్డర్లని డీ డ్రైవ్‌లోకి లాగడం కాదు. మీ కుర్రాళ్లందరూ అదే చేస్తారు. డిస్కే పోతే సీ, డీ రెండూ పోతాయి కదరా. బయటి హార్డ్‌డిస్క్‌లోకి మొత్తం డిస్క్ ఇమేజ్, అంటే డిస్కు అచ్చు నకలు, తీసి, దాని వైరు పీకి బీరువాలో పెట్టు. అందులోంచి ఒక పాత ఫైలు తెరిచి చూసిన తర్వాతే అది బ్యాకప్ అయినట్టు. డిస్కుకి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో కూడా చూసుకో. ఉంటే బయోస్‌లో మార్పులు చేశాక నలభై ఎనిమిది అంకెల రికవరీ కీ అడిగే అవకాశం ఉంది. ఆ కీ ముందే కాగితం మీద రాసి దగ్గర పెట్టుకో. అది లేకపోతే ఆ డిస్కు తెరవడం ఎవరి వల్లా కాదు.

ఇక ఎప్పుడు చెయ్యాలన్నది. ఇప్పుడు వైశాఖం, ముహూర్తాల ఒత్తిడిలో ఉన్నావు. ఇప్పుడు మాత్రం ముట్టుకోకు. ఈసారి అధిక జ్యేష్ఠం వచ్చింది కాబట్టి మే 17 నుంచి జూన్ 15 దాకా పెళ్లిళ్లుండవు, శుభలేఖల పని దాదాపు ఉండదు. మన వ్యాపారానికి ఇలాంటి ఖాళీ మళ్లీ ఆషాఢంలో గానీ రాదు. ఆ నెల మొదటి వారంలోనే పెట్టుకో. ఎందుకంటే అప్‌గ్రేడ్ అయ్యాక నచ్చకపోతే పాతదానికి వెనక్కి వెళ్లడానికి విండోస్ పది రోజులే గడువిస్తుంది. ఆ పది రోజుల్లో నువ్వు చేసే పనులన్నీ ఒకసారి చేసి చూడాలి. స్కానర్ లాగుతోందా, ప్రింటర్ ట్రేసింగ్ పేపర్ మీద రివర్స్‌లో సరిగ్గా తీస్తోందా, డిజిటల్ సంతకం టోకెన్ గుర్తుపడుతోందా అని. కింది పట్టీలో ఐకాన్లు మధ్యలోకి వచ్చాయని కంగారుపడకు, సెట్టింగ్స్‌లో ఎడమకి జరుపుకోవచ్చు. పొద్దున్నే మొదలుపెట్టు, సాయంత్రం పెట్టుకుంటే గాలివానకి కరెంటు పోతుంది. ఆ యూపీఎస్ బ్యాటరీ ఎన్నాళ్లదో కూడా చూడు.

నీ విండోస్ 10 ఒరిజినల్ అయితే 11కి రూపాయి కట్టక్కర్లేదు. క్రాక్ అయితే ఈ వంకతోనైనా ఒరిజినల్ కొనుక్కో. క్రాక్ చెయ్యడానికి వాడే ఆ యాక్టివేటర్ల నిండా ఏముంటుందో చేసినవాడికే ఎరుక.

లోపలి గది మెషిన్ విషయంలో నీకూ నాకూ మాట కలవదని తెలుసు. నువ్వు దాన్నీ మార్చేద్దామంటున్నావు. నేను వద్దంటున్నాను. దానిమీద ఉన్నది పేజీలు పేర్చే పేజ్‌మేకర్. 2001లో వచ్చిన 7.0తో ఆగిపోయిన సాఫ్ట్‌వేర్ అది. దానికి తోడు అను ఫాంట్లతో టైపు చేయించే అను స్క్రిప్ట్ మేనేజర్, నీ చేతివేళ్లకి అలవాటైన ఆ కీబోర్డు. ఆ విండోస్ 10 కూడా పాత 32-బిట్ రకంది. విండోస్ 11లో 32-బిట్ అన్నదే లేదు. దాని పాత డ్రైవర్లు 64-బిట్‌లో పనిచెయ్యవు, మరీ పాత 16-బిట్ ప్రోగ్రాములేవైనా ఉంటే అసలు తెరుచుకోవు. అను ఫైలు సంగతి నీకు చెప్పేదేముంది, ఆ ఫాంట్ లేని మెషిన్లో తెరిస్తే "శ్రీరస్తు శుభమస్తు" ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగలిసి కనిపిస్తాయి. ఊళ్లో సగం కుటుంబాల శుభలేఖల మ్యాటర్ నీ దగ్గర ఆ రూపంలోనే ఉంది. అన్నప్రాశనకి వచ్చినవాళ్లు "మా పెళ్లికార్డు మోడల్లోనే వెయ్యండి" అంటారు.

కాబట్టి దాన్ని అలాగే ఉంచు. నెట్ కేబుల్ తీసెయ్యి, వైఫై డాంగిల్ ఉంటే అదీ పీకెయ్యి. బ్రౌజర్ ఐకాన్ కూడా ఉంచకు, ఉంటే ఎవరో ఒకరు నొక్కుతారు. నెట్ లేకపోతే సగం బెడద పోయినట్టే, మిగతా సగం పెన్‌డ్రైవ్. షార్ట్‌కట్ వైరస్ నీకు కొత్త కాదు, ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లయిపోయి కస్టమర్ నీ మీద అరవడం చూసినవాడివే. ఇకనుంచి బయటి పెన్‌డ్రైవ్ ఏదైనా ముందు కౌంటర్ మెషిన్లో స్కాన్ కావాలి. అక్కణ్ణుంచి షాపు సొంత పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకుని, అది మాత్రమే లోపలికి పోవాలి. దానికి ఎర్ర దారం కట్టి పెట్టుకో. కుర్రాళ్లు నాలుగు రోజులు గొణుగుతారు, గొణగనీ.

అలాగని అది శాశ్వతం కాదు, ఏదో ఒకరోజు మదర్‌బోర్డు పోతుంది. ఖాళీ ఉన్నప్పుడల్లా పాత జాబుల్ని పీడీఎఫ్‌లు చేసి పెట్టు, ఫాంట్ల ఫోల్డర్ కూడా కలిపి బ్యాకప్‌లో వెయ్యి. కొత్త జాబులు మాత్రం కౌంటర్ మెషిన్లో యూనికోడ్‌లో, అంటే ఏ మెషిన్లోనైనా తెలుగు తెలుగులాగే కనిపించే పద్ధతిలో, మొదలుపెట్టు. అందమైన తెలుగు యూనికోడ్ ఫాంట్లు ఇప్పుడు బోలెడున్నాయి. అను కొత్త వెర్షన్ కొనాలనుకుంటే 11లో నడుస్తుందా లేదా అన్నది అమ్మేవాళ్లనే అడుగు, జవాబు వాట్సాప్‌లో రాసిమ్మను. నోటిమాట తీసుకోకు.

మీ అమ్మ లాప్‌టాప్ ఆరో తరంది, 11 దానికి అధికారికంగా రాదు. అడ్డదారిన ఎక్కించే పద్ధతులు యూట్యూబ్ నిండా ఉన్నాయి, ఎక్కుతుంది కూడా. కానీ అలా ఎక్కించినదానికి అప్‌డేట్లు ఇస్తామన్న హామీ మైక్రోసాఫ్ట్ ఇవ్వదు. ఏ అప్‌డేట్ల కోసం మారుతున్నామో వాటికే భరోసా లేకపోతే ఎందుకు ఆ తంటా? ఇళ్లలో వాడే విండోస్ 10 మెషిన్లకి 2026 అక్టోబరు 13 దాకా భద్రత అప్‌డేట్లు పొడిగించే పథకం ఒకటుంది. విండోస్ 10లో చివరిదైన 22హెచ్2 వెర్షన్ అయి ఉండాలి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే డబ్బు అక్కర్లేదు. విండోస్ అప్‌డేట్ పేజీలో చేరమని లింకు కనిపిస్తుంది, నొక్కితే చాలు. నీ షాపు మెషిన్లకి ఇది లెక్కలోకి తీసుకోకు, వ్యాపారాలకి వేరే పథకం, మొదటి ఏడాదికే మెషిన్‌కి 61 డాలర్లు. గడువు అయ్యాక మీ అమ్మకి విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ వేసిద్దాం. ఆవిడ చూసేది యూట్యూబ్, వీడియో కాల్సూ కదా, తేడా కూడా తెలియదు.

హార్డ్‌డిస్క్ కొత్తది కొనకు, నా దగ్గర ఖాళీది ఒకటుంది. మీ అమ్మ వచ్చే వారం ఇటు వస్తానంది, ఆవిడ చేతికిచ్చి పంపుతాను. బయోస్‌లోకి వెళ్లినప్పుడు ఏదైనా మార్చేముందు ప్రతి స్క్రీనూ ఫొటో తీసి నాకు పెట్టు. తొమ్మిది తర్వాత చెయ్యి, అప్పటికి నా భోజనం అయిపోతుంది.

ఇట్లు,
మీ మావయ్య
విజయవాడ