ఇరుకు బానెట్ కింద స్పార్క్ ప్లగ్‌లు: ఇంట్లో మనమే మార్చుకోవచ్చా?

ఉద్యోగం కోసం కొత్తగా వచ్చినవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే సందేహాల్లో ఇదొకటి. ఉద్యోగంలో కాస్త కుదురుకోగానే పాత కారు ఒకటి కొంటారు. కొన్నాళ్లకు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఇంజన్ వణకడం మొదలవుతుంది, డ్యాష్‌బోర్డులో చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంది. గ్యారేజీలో చూపిస్తే, ఇంజన్‌లో పెట్రోలును నిప్పురవ్వతో మండించే స్పార్క్ ప్లగ్‌లు మార్చాలంటారు, వాటి ఖరీదు కంటే కూలీయే ఎక్కువ చెబుతారు. అప్పుడు ఫోన్ చేసి, "వీడియోల్లో ఇరవై నిమిషాల్లో మార్చేస్తున్నారు, నేనూ చేయగలనా?" అంటారు.

చాలా కార్లకు చేయగలరు. అయితే ప్లగ్‌లు ఆర్డర్ పెట్టే ముందు ఒక పని చేయండి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు బానెట్ ఎత్తి, పైనున్న ప్లాస్టిక్ కవర్ తీసి, ప్రతి ప్లగ్ ఎక్కడుందో కంటితో చూడండి, దాని దాకా చెయ్యి పెట్టి చూడండి. నాలుగు సిలిండర్ల ఇంజన్లలో చాలావాటికి, ప్లగ్‌లకు కరెంటు అందించే నాలుగు కాయిల్స్ పైన ఒకే వరుసలో కనిపిస్తాయి. అది మొదటిసారి చేసేవాళ్లు కూడా ధైర్యంగా దిగగల పని. అడ్డంగా కూర్చోబెట్టిన వీ6 (మూడేసి సిలిండర్లు రెండు వరుసల్లో ఉండే ఇంజన్) అయితే ముందు మూడూ చేతికి అందుతాయి, వెనక మూడూ ఇంజన్‌కీ డ్యాష్‌బోర్డుకీ మధ్యనున్న గోడ వైపు, సిలిండర్లకు గాలి పంచే ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద దాక్కుంటాయి. సుబారు లాంటి బాక్సర్ ఇంజన్లలో సిలిండర్లు పక్కకి పడుకుని ఉంటాయి కాబట్టి ప్లగ్‌లు రెండు పక్కలా ఛాసిస్ వైపు చూస్తుంటాయి, అక్కడ రెంచ్ తిప్పడానికే చోటుండదు. మీ కారు వీటిలో ఏ రకమో తెలిశాకే చేయాలా వద్దా అన్నది తేల్చుకోండి. ప్లగ్‌ల దాకా వెళ్లడానికి పెట్రోలు పైపులు విప్పాల్సి వస్తే మాత్రం ఆ పని మెకానిక్‌కే ఇవ్వండి. అపార్ట్‌మెంటులో ఉంటే పార్కింగ్‌లో రిపేర్లు చేసుకోవచ్చో లేదో అద్దె ఒప్పందంలో ముందే చూసుకోండి.

లోపం నిజంగా ప్లగ్‌దేనా అన్నది కూడా ముందే తేల్చుకోవాలి. కారు కంప్యూటర్ గుర్తించిన లోపాల కోడ్‌లు చదివే చిన్న ఓబీడీ స్కానర్ పెడితే పీ0301 లాంటి కోడ్ వస్తుంది. చివరి అంకె సిలిండర్ నంబరు. పీ0300 అయితే మిస్‌ఫైర్ (పెట్రోలు సరిగా మండకపోవడం) ఏ ఒక్క సిలిండర్‌కో పరిమితం కాలేదని. కోడ్ ఒకే సిలిండర్‌ని చూపిస్తుంటే దాని కాయిల్ తీసి పక్క సిలిండర్‌కి పెట్టి, పక్కది ఇక్కడ పెట్టండి. కోడ్ కూడా కాయిల్‌తో పాటే పక్కకి మారితే తప్పు కాయిల్‌ది. లైటు వెలుగుతూ ఆరుతూ కొట్టుకుంటుంటే ఆ కారు నడపొద్దు. మండని పెట్రోలు సైలెన్సర్ దారిలోని కెటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండి దాన్ని పాడుచేస్తుంది. అప్పుడు ప్లగ్‌ల ఖర్చు చాలా చిన్నదిగా కనిపిస్తుంది.

ప్లగ్ నంబరు కారుతో వచ్చిన పుస్తకంలో చూసి అదే కొనండి. చూడటానికి ఒకేలా ఉన్నాయని వేరే నంబరు వాడొద్దు. థ్రెడ్ (మర) పొడవు తేడా ఉంటే పిస్టన్‌కి తగలొచ్చు, హీట్ రేంజ్ (ప్లగ్ వేడిని బయటికి పంపే తీరు) తేడా ఉంటే మసి పట్టొచ్చు లేదా వేడెక్కిపోవచ్చు. ఈ హీట్ రేంజ్ అంకెలు కంపెనీని బట్టి తిరగబడతాయి: ఎన్‌జీకే, డెన్సోల్లో అంకె పెరిగితే చల్లటి ప్లగ్, బాష్, ఛాంపియన్‌లలో అంకె పెరిగితే వేడి ప్లగ్. నకిలీలు చాలా ఉన్నాయి, కాబట్టి నమ్మకమైన చోట కొనండి. మామూలు నికెల్ ప్లగ్‌లు సుమారు 50 వేల కిలోమీటర్ల లోపే మార్చాల్సి వస్తుంది, ఇరిడియంవి చాలా కార్లలో లక్ష దాటి వస్తాయి. చేరుకోవడం కష్టమైన ఇంజన్‌కి కంపెనీ ఇరిడియం చెప్పి ఉంటే చవక కోసం నికెల్‌కి దిగొద్దు. ఆ మానిఫోల్డ్ అంత తొందరగా మళ్లీ విప్పాలని ఎవరికీ ఉండదు.

ఇరిడియం ప్లగ్ మధ్య ముల్లు మందం అర మిల్లీమీటరు అటూ ఇటూ ఉంటుంది. గ్యాప్ (ముల్లుకీ పక్కనున్న వంపుకీ మధ్య సందు) చూడటానికి నాణెంలా ఉండే గేజ్ దూర్చి తిప్పితే ఆ ముల్లు విరుగుతుంది. సన్నటి తీగ గేజ్‌తో కొలిచి చూడండి చాలు. సరిగ్గా లేకపోతే ముల్లు ముట్టుకోకుండా పక్కనున్న వంపునే మెల్లగా సర్దండి. కింద పడేసిన ప్లగ్ కొత్తదైనా సరే పక్కన పెట్టేయండి, లోపలి పింగాణీ చిట్లిందో లేదో బయటికి తెలియదు.

ఇరుకు ఇంజన్‌లో సగం పని పనిముట్లదే. ప్లగ్ సాకెట్ 16 మి.మీ.దా, 21 మి.మీ.దా, లేక కొన్ని బీఎండబ్ల్యూ, నిస్సాన్ ఇంజన్లకు కావాల్సిన సన్న గోడల 14 మి.మీ.దా అన్నది ముందు తెలుసుకోండి. లోపల అయస్కాంతం ఉన్న సాకెట్ కొంటే ప్లగ్ బావిలో (ప్లగ్ కూర్చునే లోతైన గుంతలో) జారి పడిపోదు. పొడవాటి ఎక్స్‌టెన్షన్ (సాకెట్‌ని పొడిగించే కడ్డీ) ఒక్కటే కొని ఊరుకోవద్దు. పొట్టివి, మధ్యరకంవి రెండు మూడు ఉండాలి. పైన చోటు లేనప్పుడు సాకెట్‌ని ముందు బావిలోకి దించి, దాని మీద ఒక పొట్టి ఎక్స్‌టెన్షన్, దాని మీద ఇంకొకటి అలా లోపలే అతుక్కుంటూ రావచ్చు. తీసేటప్పుడు పైదాని నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటీ విప్పుకుంటూ రావాలి. బాక్సర్ ఇంజన్లకు ఈ పద్ధతి లేకపోతే పని జరగదు. వీటితో పాటు మెడ వంగే స్వివెల్ జాయింట్, ఎంత బలంతో బిగిస్తున్నామో చూపించే ఒక టార్క్ రెంచ్, చిన్న అద్దం, తలకి కట్టుకునే లైటు, కొంచెం రబ్బరు గొట్టం దగ్గర పెట్టుకోండి. గొట్టం ఎందుకో కింద చెబుతాను.

వేడి ఇంజన్ మీద చెయ్యి వేయొద్దు. చెయ్యి కాలుతుందన్న భయం ఒక్కటే కాదు. ప్లగ్‌లు బిగించే సిలిండర్ హెడ్ అల్యూమినియం, ప్లగ్ ఉక్కు. వేడిలో అల్యూమినియం థ్రెడ్ మెత్తబడి ప్లగ్‌తో పాటే ఊడొచ్చేస్తుంది. రాత్రంతా చల్లారనిచ్చి పొద్దున్నే మొదలుపెడితే వెలుతురూ ఉంటుంది, మధ్యలో ఏదైనా కావాల్సి వస్తే షాపులూ తెరిచి ఉంటాయి. బ్యాటరీ నెగటివ్ తీగ తీసేయండి.

ఇక అసలు సంగతి. చోటు లేనప్పుడు మనం చేసే తప్పు, ఉన్న కాస్త సందులోంచే వంకరగా చెయ్యి దూర్చి బలం వాడటం. నేనూ అదే చేశాను. వీ6 వెనక వరుసలో మూలనున్న ప్లగ్‌కి గాలి గొట్టం విప్పడానికి బద్ధకించి, స్వివెల్‌ని బాగా వంచి పక్కనుంచి బిగించాను. ఇంజన్ స్టార్ట్ అయింది, ఐడిల్‌లో (యాక్సిలరేటర్ నొక్కకుండా ఆగి ఉన్నప్పుడు) బాగానే ఉంది. ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం కారు కుదుపులు. రెండు రోజులు కాయిల్స్ మార్చి మార్చి చూశాక ప్లగ్ బయటికి తీస్తే, తెల్లటి పింగాణీ మీద వెంట్రుక మందాన చీలిక. వంకరగా పడిన బలానికి అది చిట్లింది. యాక్సిలరేటర్ నొక్కి సిలిండర్‌లో ఒత్తిడి పెరిగినప్పుడు కరెంటు గ్యాప్ దూకడం మానేసి ఆ చీలికలోంచి బయటికి పారిపోతోంది. అప్పటి నుంచి గంట ఎక్కువ పట్టినా సరే, అడ్డమున్న గాలి గొట్టం, ఎయిర్ ఫిల్టర్ డబ్బా, అవసరమైతే బ్యాటరీ కూడా తీసి పక్కన పెట్టాకే ప్లగ్ జోలికి వెళ్తున్నాను. సాకెట్ ప్లగ్ మీద నిటారుగా కూర్చోవాలి. వంపు ఉండాల్సి వస్తే బావి పైన ఉండాలి, ప్లగ్ మెడ దగ్గర కాదు.

విప్పే ప్రతిదానికీ ముందు ఫోన్‌తో ఫోటో తీయండి. బోల్టుల పొడవులు తేడాగా ఉంటాయి కాబట్టి అట్టముక్క మీద బొమ్మ గీసి ఏ బోల్టు ఎక్కడిదో అక్కడే గుచ్చండి. ఇన్‌టేక్ మానిఫోల్డ్ తీయాల్సి వస్తే దాని అతుకు దగ్గర గాలి పోకుండా ఆపే కొత్త గ్యాస్కెట్ ముందే కొని ఉంచుకోండి. తీసిన వెంటనే కింద తెరుచుకునే రంధ్రాలను శుభ్రమైన గుడ్డలతో మూసి, ఎన్ని గుడ్డలు పెట్టారో లెక్క రాసుకోండి. ఒక చిన్న వాషర్ అందులో పడితే ఇంజన్ హెడ్ విప్పేదాకా పోవచ్చు. తిరిగి బిగించేటప్పుడు మధ్య బోల్టుల నుంచి మొదలుపెట్టి అంచులకు, రెండు మూడు విడతల్లో కొంచెం కొంచెంగా బిగించాలి.

కాయిల్ కనెక్టర్ల దగ్గర ఓపిక పట్టండి. ఏళ్ల తరబడి ఇంజన్ వేడికి ఆ ప్లాస్టిక్ బిస్కెట్‌లా పెళుసెక్కి ఉంటుంది. కొన్నింటికి రంగు లాక్ ఒకటి ఉంటుంది, మొదట దాన్ని వెనక్కి జరపాలి, ఆ తర్వాతే నాలుక నొక్కాలి. చాలామంది నాలుక నొక్కుతూనే లాగుతారు. అప్పుడు కొక్కెం ఇంకా బిగుసుకుంటుంది. ముందు కనెక్టర్‌ని కొంచెం లోపలికి నెట్టి, నాలుక నొక్కి, అప్పుడు లాగితే సులువుగా వస్తుంది. కాయిల్‌ని అటూ ఇటూ కాస్త తిప్పి, రబ్బరు వదిలాక నిటారుగా పైకి తీయండి. కాయిల్స్ లేని పాత కార్లలో ప్లగ్ వైర్లుంటే ఒక్కటి తీసి, ఆ ప్లగ్ మార్చి, ఆ వైరు పెట్టాకే ఇంకోదానికి వెళ్లండి. వరుస మారితే ఇంజన్ సరిగా నడవదు.

ప్లగ్ వదులు చేయకముందే బావిలోకి గాలి కొట్టి ఇసుక, ఆకులు, తుప్పు పొడి బయటికి పంపండి, లేకపోతే అదంతా నేరుగా సిలిండర్‌లోకి పోతుంది. కళ్లకు అద్దాలు పెట్టుకోండి. ప్లగ్ గట్టిగా బిగుసుకుని ఉంటే మొండిగా తిప్పొద్దు. ఎనిమిదో వంతు చుట్టు వదులు చేసి, తుప్పు వదిలించే నూనె కొద్దిగా వేసి, అరగంట ఆగి, మళ్లీ కొంచెం బిగించి కొంచెం వదులు చేస్తూ రండి. 2004 నుంచి 2008 దాకా కొన్ని ఫోర్డ్ ట్రక్కుల్లో వచ్చిన 5.4 లీటర్ల మూడు వాల్వుల ట్రైటన్ ఇంజన్‌లో ప్లగ్‌లు తరచుగా రెండు ముక్కలుగా విరిగి కింది ముక్క హెడ్‌లోనే ఉండిపోతుంది. మీది ఆ బండి అయితే, మీకు ఎంత అనుభవమున్నా, విరిగిన ముక్క తీసే పనిముట్లున్న మెకానిక్ దగ్గరికే వెళ్లండి.

బయటికొచ్చిన ప్లగ్‌లను సిలిండర్ వరుసలోనే పేర్చి చూడండి. ముల్లు దగ్గర లేత గోధుమ రంగు లేదా బూడిద రంగు ఉంటే ఆ సిలిండర్ ఆరోగ్యంగా ఉన్నట్టే. పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువవుతోంది. ముల్లు దగ్గర నూనె తడి ఉంటే ఇంజన్ ఆయిల్ లోపలికి దిగుతోంది. బావిలోనే, ప్లగ్ పై భాగానికి నూనె అంటితే అది చిన్న సమస్య, వాల్వ్ కవర్ కింది రబ్బరు సీళ్లు పోయాయని అర్థం, ఎలాగూ తెరిచారు కాబట్టి అవీ మార్చేయండి. తెల్లటి పింగాణీ అడుగున, ఇనుప అంచు పక్కనే గోధుమ రంగు ఉంగరంలా కనిపిస్తే భయపడొద్దు. అది కరోనా మరక, అధిక వోల్టేజీకి చుట్టూ ఉన్న నూనె రేణువులు అక్కడ అతుక్కోవడం వల్ల వస్తుంది, ప్లగ్ లీకవుతున్నట్టు కాదు.

కొత్త ప్లగ్ ఎక్కించేటప్పుడు రాచెట్ (సాకెట్ తిప్పే పిడి) పక్కన పెట్టేయండి. రబ్బరు గొట్టం అన్నాను కదా, దాన్ని ప్లగ్ తలకు తొడిగి బావిలోకి దించి వేళ్లతో తిప్పండి. ముందు ఎడమకి మెల్లగా తిప్పితే ఒక చోట చిన్నగా 'టక్' మని దిగినట్టు తెలుస్తుంది, అప్పుడు కుడికి తిప్పడం మొదలుపెట్టండి. థ్రెడ్ సరిగ్గా పడితే చివరిదాకా వేళ్లతోనే వెళ్తుంది. అడ్డంగా పడితే ఒకటి రెండు చుట్లకే బిగుసుకుంటుంది, గొట్టం ప్లగ్ మీద జారిపోతుంది కానీ తిరగదు. అంటే అల్యూమినియం కోసుకుపోయే బలం ఆ గొట్టంతో పెట్టలేం. ఎంత ఇరుకైనా నేను ఈ ఒక్క మెట్టూ దాటెయ్యను. థ్రెడ్ పోతే దాన్ని మళ్లీ కోసి ఇన్సర్ట్ (కొత్త మర ఉన్న లోహపు తొడుగు) వేయించాల్సి వస్తుంది.

తర్వాత టార్క్ రెంచ్. మీ కారు పుస్తకంలో ఉన్న లెక్కే వాడాలి. అందాజుగా చెప్పాలంటే, వాషర్ ఉన్న 14 మి.మీ. ప్లగ్‌కి 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు, 12 మి.మీ. ప్లగ్‌కి 15 నుంచి 20 (ఈ మి.మీ.లు థ్రెడ్ వ్యాసం, సాకెట్ సైజు కాదు). టార్క్ రెంచ్ పట్టనంత ఇరుకైతే, వేళ్లతో ఆనే దాకా తిప్పి, 14 మి.మీ. కొత్త వాషర్ ప్లగ్‌ని ఇంకో అర చుట్టు నుంచి మూడింట రెండు వంతుల చుట్టు తిప్పండి. వాషర్ లేకుండా అడుగు ఏటవాలుగా ఉన్న ప్లగ్‌కి మాత్రం పదహారో వంతు చుట్టు చాలు. ఈ రెండింటినీ కలగాపులగం చేస్తే హెడ్ పాడవుతుంది. థ్రెడ్‌కి యాంటీసీజ్ (పట్టేయకుండా రాసే జారుడు పేస్టు) రాయమని చాలామంది చెబుతారు. పూత ఉన్న ప్లగ్‌లకి అది వద్దని ఎన్‌జీకే చెబుతుంది. జారుడు వల్ల అదే టార్క్‌కి ప్లగ్ చాలా ఎక్కువ బిగుసుకుంటుంది.

కాయిల్ రబ్బరు లోపలి అంచుకి డైఎలెక్ట్రిక్ గ్రీజు (కరెంటు పారనివ్వని గ్రీజు) పలచగా రాసి, కిందదాకా నొక్కి, బోల్టు మితంగా బిగించి, కనెక్టర్ టక్కుమనే దాకా నెట్టండి. నెట్టాక వెనక్కి కొద్దిగా లాగి చూడండి. గుడ్డలన్నీ లెక్క సరిపోయాయా, రెంచ్ ఏదీ లోపల ఉండిపోలేదా చూసుకుని బ్యాటరీ తగిలించండి.

స్టార్ట్ చేసిన మొదటి రెండు నిమిషాలు బానెట్ తెరిచే ఉంచి వినండి. ఇంజన్ వణుకుతుంటే ఏదో ఒక కనెక్టర్ పూర్తిగా పడలేదు. 'చుఫ్ చుఫ్' మని గాలి తన్నే చప్పుడు వస్తే ఒక ప్లగ్ వదులుగా ఉంది. వెంటనే ఆపేయండి, మళ్లీ పూర్తిగా చల్లారాకే బిగించండి. 'బుస్' మని సన్నటి ఈల వినిపిస్తే మానిఫోల్డ్ దగ్గర గాలి లాగుతోంది, గ్యాస్కెట్ సరిగ్గా కూర్చుందో చూడండి. ఏమీ లేకపోతే కోడ్ తుడిచేసి, ఎత్తున్న రోడ్డు మీద ఒకసారి నడిపి చూసి, మీటరు రీడింగ్, ప్లగ్ నంబరు సర్వీసు పుస్తకంలో రాసుకోండి.